తాళం తీస్తే తాళం వేస్తారు

దేశంలో కొన్ని ఊళ్లు, పేటలు చేయని నేరానికి తిట్లుగా మారిపోయాయి. ఉత్తరాదిలో ఎవరైనా తిక్కగా మాట్లాడితే ఆగ్రాకో రాంచీకో పంపాలంటారు. చెన్నైలో కీల్పాక్ పేరెత్తుతారు. కోజికోడ్‌లో కుతిరవట్టం అంటారు. హైదరాబాద్‌లోనైతే ఎర్రగడ్డ అన్న ఒక్క మాట చాలు, అవతలివాడికి విషయం అర్థమైపోతుంది. ఇవన్నీ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్న చోట్లే. సినిమావాళ్లు ఈ ఆసుపత్రుల్లోకి కెమెరా తీసుకెళ్లినప్పుడు తరచూ కనిపించే కామెడీ పాత్ర కూడా ఒకటుంది. చేతిలో లేని వీణను మీటుతూ, ఒళ్లో లేని మృదంగాన్ని వాయిస్తూ తన్మయత్వంతో పాడేసే రోగి. హాలంతా నవ్వుతుంది. అతని చేతికి నిజం మృదంగం ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఆ సన్నివేశం రాసినవారికి తట్టదు.

ఆ ప్రశ్నను సీరియస్‌గా తీసుకున్నవాళ్లు ప్రపంచంలో చాలాచోట్లే ఉన్నారు. మానసిక వైద్యశాలల్లో, వికలాంగుల సంరక్షణ కేంద్రాల్లో ఉండేవారికి పాటలు వినిపించి ఊరుకోకుండా వారితోనే పాడించడం, వాయింపజేయడం, సొంత పాటలు కట్టించడం గత ఆరు దశాబ్దాల్లో ఒక స్థిరమైన పనిగా రూపుదిద్దుకుంది. దానివల్ల కలిగే మేలుకు కొంత రుజువుంది. దాని పరిమితులకూ రుజువుంది. భారత చట్టాల్లో దానికి చోటూ ఉంది. కొరవడిందల్లా ఆచరణే. తెలుగులో తాళం అన్న మాటకు రెండర్థాలున్నాయి. మన మానసిక వైద్యశాలలకు బాగా అలవాటైంది అందులో ఒకటే.

ఆ ఒక్క అర్థం ఎంతటి దారుణానికి దారితీస్తుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో తేలింది. దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోయే దారి లేక 28 మంది చనిపోయారు. అంతకు రెండేళ్ల ముందే, 1999లో, 37 ప్రభుత్వ మానసిక వైద్యశాలల తీరుపై జాతీయ మానవ హక్కుల కమిషన్ ఇచ్చిన నివేదిక వాటిలో చాలావాటికి జైలు పోలికలు పోలేదని చెప్పింది. 2023 జనవరిలో అదే కమిషన్ దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల పరిస్థితి అమానవీయంగా, దయనీయంగా ఉందంటూ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది. జబ్బు నయమైనవారిని కూడా అక్రమంగా లోపలే ఉంచేస్తున్నారన్నది అందులోని ముఖ్యాంశం. 2019లో వెలువడిన మరో జాతీయ అధ్యయనం ప్రకారం ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఉన్నవారిలో 36 శాతానికి పైగా ఏడాదీ అంతకు మించీ అక్కడే గడుపుతున్నవాళ్లు.

ఏళ్ల తరబడి ఒకే వార్డులో బతికే మనిషికి మాత్రల వేళకూ భోజనం వేళకూ మధ్య ఏముంటుంది? వార్డులో సంగీతం గురించిన చర్చ మొదలు కావాల్సింది ఈ ప్రశ్న దగ్గరే.

వినేవాళ్లు, వాయించేవాళ్లు

ఆసుపత్రులకు సంగీతం కొత్త కాదు. ప్రముఖ ఆంగ్ల స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ పేరు ప్రఖ్యాతులు రాకముందు, 1879 నుంచి 1884 వరకు, ఇంగ్లండ్‌లోని వూస్టర్ సమీపాన ఉన్న పోవిక్ మానసిక చికిత్సాలయంలో బ్యాండ్ మాస్టరుగా పనిచేశారు. అక్కడ జరిగే నృత్య కార్యక్రమాల కోసం పోల్కాలు, క్వాడ్రిల్‌లు రాసిచ్చేవారు. ఆ కాలానికి అది ఉదారమైన ఆలోచనే. అయితే ఆ బ్యాండు సిబ్బందిది. వాళ్లు వాయిస్తారు. రోగులు వింటారు, చెప్పిన వేళకు అడుగులు వేస్తారు. ఎవరు ఇచ్చేవారు, ఎవరు పుచ్చుకునేవారు అన్న విభజన చెక్కుచెదరలేదు.

భారతదేశంలో సంగీత చికిత్స అనగానే మొదట గుర్తొచ్చేది రాగాలు. ముత్తుస్వామి దీక్షితార్ తన శిష్యుడు తంబియప్పన్ కడుపునొప్పి పోగొట్టడానికి బృహస్పతి మీద కృతి రచించారని, నవగ్రహ కృతుల పరంపరకు అదే నాంది అని సంగీత లోకంలో ఒక కథ ఉంది. ఆధునిక కాలంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంగీత చికిత్సపై ప్రత్యేక ఆసక్తి చూపారు. తన పేరిట ఏర్పడిన ట్రస్టు లక్ష్యాల్లో దానిపై పరిశోధననూ చేర్చారు. ఈ గౌరవనీయమైన ఆసక్తి పక్కనే ఒక చవకబారు మార్కెట్ కూడా పుట్టుకొచ్చింది. ఫలానా రాగం రక్తపోటుకు, ఫలానా రాగం నిద్రలేమికి అంటూ పట్టికలు, సీడీలు, ఇప్పుడు యాప్‌లు. సంగీతం వింటే ఆందోళన తగ్గుతుందనడానికి, ముఖ్యంగా ఆపరేషన్‌కు ముందు, తగిన ఆధారాలున్నాయి. జబ్బుకో రాగం చొప్పున రాసిచ్చే పట్టికలకు ఆ స్థాయి రుజువు లేదు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఈ పద్ధతిలో రాగం ఒక మాత్ర. మింగడం తప్ప రోగికి వేరే పని లేదు.

నిజానికి ఇందుకు భిన్నమైన సంప్రదాయం తెలుగు పల్లెలకు కొత్తేమీ కాదు. చెక్కభజనలో గురువు ఒక చరణం అందుకుంటే తక్కినవాళ్లు తిప్పి అంటారు. గొంతు లేనివాడు చెక్కలు కొడతాడు. చెక్కలు పట్టలేనివాడు వరుసలో అడుగు కలుపుతాడు. కోలాటంలో పక్కవాడి కోలకు తన కోల తగలడమే విద్య. బుర్రకథలో కథకుడు ఎంత ఘనుడైనా వంతలు లేనిదే కథ సాగదు. ఒక్కొక్కరి శక్తికి తగిన చోటు ఇచ్చి, అందరితో కలిపి ఒకే పాటను పూర్తి చేయించడం ఈ ప్రక్రియలన్నింటిలోనూ ఉన్న ఏర్పాటు. పాశ్చాత్య దేశాల్లో సామాజిక సంగీత చికిత్స పేరుతో అభివృద్ధి చెందిన విధానం దాదాపు ఇదే సూత్రం మీద నడుస్తుంది.

మాట రాని చోట

ఈ పనికి ఆధునిక పునాది 1959లో ఇంగ్లండ్‌లో పడింది. పాల్ నార్డాఫ్ అమెరికన్ స్వరకర్త, పియానో విద్వాంసుడు. క్లైవ్ రాబిన్స్ వికలాంగ బాలలకు పాఠాలు చెప్పే బ్రిటిష్ ఉపాధ్యాయుడు. ఇద్దరూ వూస్టర్‌షైర్‌లోని సన్‌ఫీల్డ్ అనే ప్రత్యేక బాలల గృహంలో కలిశారు. అప్పటిదాకా అలాంటి పిల్లలకు సంగీతమంటే మంచి పాటలు వినిపించి శాంతపరచడం. వీరు దాన్ని తలకిందులు చేశారు. బిడ్డ ఏడుస్తుంటే ఆ ఏడుపు శ్రుతిని పియానో మీద అందుకున్నారు. ముందుకూ వెనక్కూ ఊగుతుంటే ఆ ఊపునే లయగా తీసుకున్నారు. బల్ల మీద కొట్టిన దెబ్బకు పియానో బదులు పలికింది. కొంతసేపటికి బిడ్డ ఆగి, మళ్లీ కొట్టి, బదులు వస్తుందా అని చూసేది. మాటలు రాని పిల్లలతో సంభాషణ అలా మొదలైంది. నార్డాఫ్-రాబిన్స్ పద్ధతిగా అది నేటికీ అనేక దేశాల్లో అమల్లో ఉంది.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడని స్కిజోఫ్రీనియా రోగికి సంభాషణ చాలా బరువైన పని. ఎదుటివాడి కళ్లలోకి చూడాలి, మాట పట్టుకోవాలి, తగిన జవాబు వెతకాలి, ఆలస్యమైతే ఎదుటివాడి అసహనాన్ని భరించాలి. గుండ్రంగా కూర్చుని డప్పు వాయించేటప్పుడు ఈ నాలుగూ అక్కర్లేదు. తన వంతు వచ్చినప్పుడు ఒక్క దెబ్బ వేస్తే సరి. ఆలస్యమైనా అది తప్పుగా వినిపించకుండా తక్కినవాళ్లు లయను సర్దుకోగలరు. పాడటంలో ఊపిరి తీసుకునే తీరు మారుతుంది, నిశ్వాసం దీర్ఘమవుతుంది, ఒకే చోట అందరూ ఊపిరి తీసుకుంటారు. వంతు కోసం వేచి ఉండటం, పక్కవారిని వినడం, మొదలుపెట్టిన దాన్ని ముగించడం. దీర్ఘకాలం సంస్థల్లో ఉన్నవారు ముందుగా కోల్పోయేవి ఇవే.

వైకల్యాల విషయంలో ఈ తర్కం ఇంకో అడుగు ముందుకెళ్తుంది. పక్షవాతం వల్ల మాట పడిపోయిన కొందరు తెలిసిన పాటను మాత్రం పాడగలుగుతారు. ఈ గమనింపు ఆధారంగానే 1970ల్లో అమెరికాలో మాటను స్వరంలో పెట్టి తిరిగి నేర్పే చికిత్స రూపొందింది. బ్రిటన్‌కు చెందిన విశ్వవిఖ్యాత వాద్యకారిణి ఎవెలిన్ గ్లెనీకి వినికిడి శక్తి దాదాపు లేదు. చెప్పులు విడిచి వేదికెక్కి పాదాల ద్వారా, ఒంటి ద్వారా కంపనాలను గ్రహిస్తారు. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో వెయ్యి మంది డ్రమ్మర్లకు ఆమే నాయకత్వం వహించారు. తలను గానీ వేలిని గానీ కాస్త కదిపితే చాలు, ఆ కదలికను సెన్సర్ పట్టుకుని స్వరంగా మార్చే సౌండ్‌బీమ్ అనే పరికరం కూడా బ్రిటన్‌లో తయారైందే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు దానితో బృందంలో వాయించగలుగుతున్నారు. వాయిద్యానికి తగ్గట్టు మనిషిని మార్చే బదులు మనిషికి తగ్గట్టు వాయిద్యాన్ని మార్చడమే ఇక్కడి కిటుకు.

ఇక రుజువుల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై 3 వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి నివేదిక వెలువరించింది. వైద్య పరిశోధనలను వడపోసే కొక్రేన్ సంస్థ 2017లో స్కిజోఫ్రీనియాపై 18 అధ్యయనాలను, 1,215 మంది రోగుల ఫలితాలను కలిపి చూసింది. మామూలు చికిత్సకు సంగీత చికిత్స తోడైతే మానసిక స్థితి, సామాజిక జీవనం మెరుగవుతున్నాయని, అయితే తగినన్ని సెషన్లు జరిగితేనే ఆ ఫలితం ఉంటుందని తేల్చింది. 2018లో బ్రిటన్‌లో ప్రసవానంతర డిప్రెషన్ లక్షణాలున్న 134 మంది తల్లులపై జరిగిన పరిశోధన ఇంకా ఆసక్తికరం. పది వారాల పాటు కొందరు బిడ్డలతో కలిసి బృందంగా పాడారు, సొంత పాటలూ కట్టారు. కొందరు ఆటల బృందంలో చేరారు. మిగిలినవారు మామూలు సంరక్షణలోనే ఉన్నారు. చివరికి అందరూ కొంత కోలుకున్నారు. తీవ్ర లక్షణాలున్న వారిలో మాత్రం పాడినవాళ్లు అందరికంటే త్వరగా తేరుకున్నారు. పసిబిడ్డ ఒళ్లో ఉన్న తల్లికి నాలుగు వారాల తేడా చిన్నదేమీ కాదు.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 2017లో 9 దేశాల్లో ఆటిజం ఉన్న 364 మంది పిల్లలపై జరిగిన పెద్ద పరిశోధనలో ఐదు నెలల సంగీత చికిత్స తర్వాత కూడా ఆటిజం ప్రధాన లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2022లో మరిన్ని అధ్యయనాలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష మొత్తం మీద స్థితి, జీవన నాణ్యత మెరుగయ్యే అవకాశం ఉందని చెబుతూనే, మాట తీరు మారుతుందనడానికి స్పష్టమైన ఆధారం లేదని పేర్కొంది. డోలు వాయిస్తే బిడ్డకు మాటలొస్తాయని ఫీజులు వసూలు చేసే కేంద్రాల దగ్గర తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సిన విషయమిది. వాయించడంలో బిడ్డ పొందే ఆనందం నిజం. దాన్ని నయం చేయడమని పిలిస్తేనే పేచీ.

గోడ మీది ఫొటోలు

చికిత్స సంగతి పక్కన పెడితే ఈ రంగం దిశను మార్చిన ప్రశ్న ఒక డాక్టరు నోటి నుంచి రాలేదు. 1983లో నార్వేలోని సాండానె అనే చిన్న పట్టణంలో మేధోపరమైన వైకల్యం ఉన్న కొందరు యువ సంగీత చికిత్సకుడు బ్రిన్యుల్ఫ్ స్టీగె దగ్గరికి వారం వారం వచ్చేవారు. ఊళ్లోని సంగీత బృందాలు సాధన చేసుకునే గదిలోనే ఆ సెషన్. గోడల మీద ఊరి బ్రాస్ బ్యాండ్ ఫొటోలుండేవి. మొదటి రోజే వారిలో ఒకరు ఆ ఫొటోలు చూసి, తాము కూడా ఆ బ్యాండులో వాయించొచ్చా అని అడిగారు. చికిత్సకుడి చదువులో ఆ ప్రశ్నకు జవాబు లేదు. లక్షణాలు తగ్గించడం ఆయనకు నేర్పారు, ఊరిని మార్చడం నేర్పలేదు. ఆ తర్వాత స్టీగె బృందం ఊరి బ్యాండ్‌లతో, గాయక బృందాలతో మాట్లాడి, వారినీ వీరినీ ఒకే వేదిక మీదికి తెచ్చే పనిలో పడింది. సామాజిక సంగీత చికిత్స అనే ఆలోచనకు ఆ ఉదంతం ఒక మూలస్తంభమైంది.

పొరుగున ఉన్న ఫిన్లాండ్ మరో సమస్యను పరిష్కరించింది. సంగీత లిపి చదవలేని వారికి బ్యాండులో చోటెలా? 1990ల్లో కార్లో ఊసితాలో ఫిగర్‌నోట్స్ అనే లిపిని కనిపెట్టారు. ఒక్కో స్వరానికి ఒక్కో రంగు, ఒక్కో స్థాయికి ఒక్కో ఆకారం. కీబోర్డు మీద అవే రంగుల, ఆకారాల స్టిక్కర్లు. కాగితం మీద ఎర్రటి వృత్తం కనిపిస్తే కీబోర్డు మీది ఎర్రటి వృత్తాన్ని నొక్కాలి. అంతే. హెల్సింకీలోని రెసొనారి సంగీత పాఠశాల ఈ లిపితో మేధోపరమైన వైకల్యం ఉన్నవారికి సంగీతాన్ని చికిత్సగా గాక విద్యగా నేర్పుతోంది.

అదే హెల్సింకీలో 2009లో పుట్టిన పంక్ బ్యాండ్ పెర్తి కురికన్ నిమిపైవత్. సభ్యులు నలుగురూ మేధోపరమైన వైకల్యం ఉన్నవారే. 2015లో వియన్నాలో జరిగిన యూరోవిజన్ పాటల పోటీకి ఫిన్లాండ్ ప్రజలు వారినే తమ ప్రతినిధులుగా ఎన్నుకున్నారు. ఒక నిమిషం 27 సెకన్ల ఆ పాట పోటీ చరిత్రలోనే అతి చిన్నది. అది సెమీ ఫైనల్ దాటలేదు. కానీ ఆ పాట దేని గురించి అన్నదే ముఖ్యం. గది సర్దాలి, గిన్నెలు కడగాలి, డాక్టరు దగ్గరికెళ్లాలి, ఇది తినకూడదు, అది తాగకూడదు. జీవితమంతా ఇతరులు పెట్టిన నియమాల మధ్య గడిపే మనిషి విసుగు అది.

భూగోళానికి అవతలి వైపు బ్రెజిల్‌లో మానసిక రోగుల హక్కుల చట్టం వచ్చిన 2001లోనే రియో డి జనీరోలోని ఒక మానసిక వైద్య కేంద్రంలో హార్మోనియా ఎన్‌లౌకెసె అనే బృందం ఏర్పడింది. రోగులూ, సిబ్బందీ, సంగీతకారులూ కలిసి పాడే ఈ బృందం పాటల్లో ఒకటి ఆసుపత్రిలో రోజూ మింగాల్సిన మాత్రల పేర్లను ఏకరువు పెడుతుంది. 2009లో బ్రెజిల్ టీవీని ఊపేసిన సీరియల్ ఒకటి భారతదేశం నేపథ్యంలో సాగుతుంది. స్కిజోఫ్రీనియా ఉన్న యువకుడి కథ అందులో ఒక పాయ. ఆ సీరియల్ పాటల్లో ఈ మాత్రల పాటకూ చోటు దక్కింది. అలా ఆసుపత్రి గోడల వెనకాల పుట్టిన పాట ఇంటింటికీ చేరింది.

ఈ రెండు ఉదాహరణల్లో ఉన్న పోలిక యాదృచ్ఛికం కాదు. సంస్థల్లో బతికేవారికి సొంతంగా పాట కట్టే అవకాశమిస్తే మొదట బయటికొచ్చేది తరచూ ఆ సంస్థ మీది ఫిర్యాదే. అన్నం బాగుండదు, నిద్ర లేపుతారు, ఇంటికి పంపరు. భజనలు, దేశభక్తి గీతాలు పాడిస్తే ఏ సూపరింటెండెంటుకూ ఇబ్బంది ఉండదు. ఈ రకం పాటను భరించడానికి కొంత ధైర్యం కావాలి.

గదగ్ నుంచి కొలంబో దాకా

దక్షిణాసియా ఈ విషయంలో రిక్తహస్తాలతో లేదు. కర్ణాటకలోని గదగ్‌లో ఉన్న వీరేశ్వర పుణ్యాశ్రమం అంధులకూ, పేద పిల్లలకూ అన్నం పెట్టి ఉచితంగా సంగీతం నేర్పుతున్న సంస్థ. దాన్ని నిలబెట్టిన పంచాక్షర గవాయి అంధుడు. ఆయన తర్వాత 2010 దాకా నడిపిన పుట్టరాజ గవాయి కూడా అంధుడే. హిందుస్తానీ సంగీతంలో బసవరాజ రాజగురు వంటి మహామహులు పంచాక్షర గవాయి శిష్యులు. కంటిచూపు ఉన్న వెంకటేశ్ కుమార్ పుట్టరాజ గవాయి దగ్గరే ఏళ్ల తరబడి ఉండి నేర్చుకున్నారు. అంధులకు సంగీతం నేర్పి పుణ్యం కట్టుకోవడం ఒకటైతే, అంధుల దగ్గర దేశం సంగీతం నేర్చుకోవడం మరొకటి. గదగ్ ఈ రెండోదాన్ని సాధించింది.

కానీ ఆ గౌరవం అందరికీ దక్కలేదు. సూరదాసు కాలం నుంచి అంధ గాయకుడంటే సమాజానికి ఒక ఆర్ద్రత ఉంది. 1986లో వచ్చిన కె. విశ్వనాథ్ సిరివెన్నెలలో కథానాయకుడు అంధుడైన వేణు విద్వాంసుడు. ప్రేక్షకులు కన్నీళ్లతో ఆదరించారు. అదే ఆదరణ స్కిజోఫ్రీనియా ఉన్నవాడి పాటకు గానీ, డౌన్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయి డోలక్‌కు గానీ లేదు. పైగా అంధులకు కూడా ఆ ఆదరణ ఒక ఇరుకు దారినే చూపించింది. పాట మీద ఆసక్తి ఉన్నా లేకపోయినా హార్మోనియం పట్టుకుని రైళ్లలో పాడక తప్పని బతుకులు ఎన్నో.

శ్రీలంకలో 2000 సంవత్సరంలో సునేత్ర బండారనాయకె ప్రారంభించిన సునేర ఫౌండేషన్ వికలాంగ యువతీ యువకులకు నాటకం, నృత్యం, సంగీతాల్లో క్రమం తప్పని వర్క్‌షాపులు నడుపుతూ వస్తోంది. కోల్‌కతాలో రత్నాబోలి రాయ్ నెలకొల్పిన అంజలి సంస్థ ప్రభుత్వ మానసిక వైద్యశాలల లోపలికే వెళ్లి కళల ద్వారా రోగులతో పనిచేస్తోంది. పుణెలో భార్గవి దవర్ స్థాపించిన బాపు ట్రస్టుది మరో దారి. తల్లిని మానసిక వైద్యశాలల్లో పెట్టిన రోజులు చిన్నతనంలో కళ్లారా చూసిన ఆమె 2024లో మరణించేదాకా బలవంతపు చికిత్సకు వ్యతిరేకంగా పోరాడారు. ఆ ట్రస్టు బస్తీల్లో నడిపే సేవల్లో కళల ఆధారిత చికిత్స ఒక భాగం. ఇవి విలువైన ప్రయత్నాలే. అయితే అన్నీ స్వచ్ఛంద సంస్థలవి. వ్యవస్థ తనంతట తానుగా చేసింది తక్కువ.

చట్టం మాత్రం వ్యవస్థనే బాధ్యురాలిగా చేసింది. 2018 మేలో అమల్లోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 20వ సెక్షన్ ఆసుపత్రిలో ఉండే ప్రతి ఒక్కరికీ విశ్రాంతి, వినోదం, విద్య, మతపరమైన ఆచరణలకు తగిన సదుపాయాలు హక్కుగా ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో సాంస్కృతిక జీవితాన్ని ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. భారత్ 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం ఇంకా స్పష్టంగా ఉంటుంది. వికలాంగుల సృజనశక్తి వికసించాల్సింది వారి మేలు కోసమే గాక సమాజాన్ని సుసంపన్నం చేయడానికి కూడా అంటుంది అందులోని 30వ అధికరణం. దాని ప్రకారం ఇక్కడ పుచ్చుకునేది సమాజం. అయితే వినోదం అన్న మాటకు వార్డు హాల్లో గోడకు బిగించిన టీవీతోనే సమాధానం చెప్పేయడం సులువు. రిమోట్ సిబ్బంది చేతిలో ఉంటుంది.

ఎవరి పాట?

ఏటా అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం, డిసెంబర్ 3న వికలాంగుల దినోత్సవం వస్తాయి. షామియానా వేస్తారు. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తారు. పదిహేను రోజులుగా ఒకే పాటను సాధన చేసిన పిల్లలు యూనిఫాంలో నిలబడి పాడతారు. ఫొటోలు, దుప్పట్ల పంపిణీ, పండ్లు. మర్నాటి నుంచి డోలక్ స్టోర్ రూమ్‌లోకి, తాళంచెవి గుమస్తా జేబులోకి. తగినన్ని సెషన్లు ఉంటేనే ఫలితమని పరిశోధన చెబుతోంది. ఏడాదికో పాట ఆ లెక్కలోకి రాదు.

వారం వారం చేయడానికి డబ్బు అడ్డంకి అనలేరు. ఒక డోలక్, నాలుగు కంజిరలు, రెండు జతల తాళాలు, చప్పుడు లేని ఒక గది చాలు. ఖర్చయ్యేది మనిషి మీద. శిక్షణ లేని ఉత్సాహం చెరుపు కూడా చేస్తుంది. మానసిక రోగులు వాడే కొన్ని మందుల వల్ల చేతులు వణుకుతాయి, ఒళ్లు మత్తుగా ఉంటుంది. అలాంటివారిని వేగంగా వాయించమంటే అవమానించినట్టే. ఆటిజం ఉన్న కొందరికి తాళాల మోత భరించరాని బాధ. పెళ్లి పాట కొందరికి పాత గాయాన్ని రేపుతుంది. అందరితో ఒకే మతం భజన చేయించడం వార్డులోని ఇతర మతస్థులకు బలవంతమవుతుంది. బ్రిటన్‌లో మ్యూజిక్ థెరపిస్ట్ అన్న పేరు పెట్టుకోవాలంటే చట్టప్రకారం నమోదు తప్పనిసరి. ఇక్కడ వారాంతపు కోర్సు చేసినవారూ ఆ బోర్డు తగిలించుకుంటారు.

వీటన్నిటికీ మించిన నియమం మరొకటుంది. పాల్గొననని చెప్పే హక్కు. మూల కూర్చుని వినేవాడిని చేయి పట్టి లాక్కొచ్చి తాళం వేయించే చోట సంగీతం కూడా వార్డు నియమాల్లో ఒకటైపోతుంది. ఏ పాట పాడాలో, ఎప్పుడు ఆపాలో, బయటివారి ముందు పాడాలో వద్దో తేల్చుకునే అధికారం పాడేవారికే ఉండాలి. రోజంతా ఒక్క నిర్ణయమూ సొంతంగా తీసుకోలేని మనిషికి గంటసేపు ఆ అవకాశం దక్కడం చిన్న విషయం కాదు. చాలాసార్లు వారిలో మార్పు మొదలయ్యేది స్వరం వల్లనో ఈ అవకాశం వల్లనో విడదీసి చెప్పడం కష్టం.

సంగీతం మందులకు ప్రత్యామ్నాయం కాదన్నది కూడా అంతే గట్టిగా చెప్పుకోవాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. డాక్టర్లు, నర్సులు, మందులు లేనిచోట డోలక్ పంపి చేతులు దులుపుకోవడం మోసం. కానీ డాక్టర్లూ మందులూ ఉండి, నయమైన తర్వాత కూడా వేలమంది లోపలే ఉండిపోతున్నారంటే, లోపం చికిత్సలో ఒక్కదానిలోనే లేదు. వారిని తిరిగి తీసుకునే ఇల్లు లేదు, పక్కన నిలబెట్టుకునే ఊరు లేదు.

సాండానెలో అడిగిన ప్రశ్న ఇక్కడ వర్తించేది ఈ చోటే. ఎర్రగడ్డ నుంచో విశాఖ నుంచో డిశ్చార్జి అయి ఊరికి వెళ్లిన మనిషిని అక్కడి జనం ఎలా చూస్తారు? పిచ్చాసుపత్రి నుంచి వచ్చినవాడిగానే చూస్తే మళ్లీ ఏడాదిలో వార్డుకే చేరతాడు. ఊరి రామాలయంలో శనివారం చెక్కభజన జరుగుతుంటే వరుసలో కాస్త జరిగి చోటిచ్చి, ఒక జత చెక్కలు చేతిలో పెడితే అతని పరిచయమే మారిపోతుంది. అందుకు ముందుగా వార్డులో వారానికో గంట సాధన ఉండాలి. ఆ తర్వాత భజన గురువుతో ఒకసారి మాట్లాడే ఆసుపత్రి ఉద్యోగి ఒకరుండాలి. ప్రభుత్వాలు తయారుచేసే పునరావాస ప్రణాళికల్లో ఈ రెండింటికీ ఒక పద్దు రాయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.